ఆ కోరపన్ను ఎవరికి అడ్డొచ్చింది?

ప్రశ్న: నాకు 39 ఏళ్ళు. విజయవాడలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో 14 ఏళ్ళుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. పై వరుసలో ఎడమవైపు నా కోరపన్ను పక్క పన్ను మీదికెక్కి, కాస్త పైకి, బయటికి వచ్చి ఉంటుంది. చిన్నప్పటినుంచీ అంతే. పెళ్ళిచూపుల్లో ఒకరిద్దరు అన్న మాటలు తప్ప దానివల్ల నాకు పెద్ద ఇబ్బంది కలగలేదు. ఈ ఏడాది మా కళాశాలలో పాఠాలు వీడియో తీయడం మొదలుపెట్టారు. రెండు పాఠాలు అయ్యాక ప్రిన్సిపాల్‌గారు పిలిచి, "పాఠం చాలా బాగుంది మేడమ్. ఆ పన్ను సంగతి ఒక్కటి చూసుకోండి, కెమెరాలో కొట్టొచ్చినట్టు కనబడుతోంది" అన్నారు. సంక్రాంతికి డల్లాస్ నుంచి వచ్చిన మా తోడికోడలు, "అక్కా, అక్కడైతే దీన్ని ఇలా వదిలెయ్యరు. చూసినవాళ్ళు ఇంకోలా అనుకుంటారు" అంది. పై ముందుపళ్ళ మధ్య సందు ఉన్న నా తొమ్మిదేళ్ళ కూతురిని చూసి, "దీనికీ అమ్మ పోలికే" అని నవ్వింది. ఒక క్లినిక్‌లో ఎలైనర్లకు (పళ్ళను జరిపే పారదర్శకమైన తొడుగులు) 1,80,000 రూపాయలు, వాయిదాల్లో కట్టవచ్చు అన్నారు. మరోచోట ముందున్న ఆరు పళ్ళూ అరగదీసి క్యాపులు వేస్తే పది రోజుల్లో పని అయిపోతుంది అన్నారు. జూన్‌లో మళ్ళీ రికార్డింగులు ఉన్నాయి. ఇప్పుడు నవ్వేటప్పుడు నోటికి చేయి అడ్డం పెట్టుకుంటున్నాను. మొన్న మా పాప కూడా అలాగే చేసింది. కింది ముందుపళ్ళు ఈ నాలుగైదేళ్ళలో మరింత ఇరుక్కున్నట్టు అనిపిస్తున్నాయి. బ్రష్ చేసేటప్పుడు అప్పుడప్పుడూ రక్తం కూడా వస్తుంది. నన్నేం చేయమంటారు? — పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ప్రిన్సిపాల్‌గారికి కెమెరాతో వచ్చిన ఇబ్బంది ఉంది, మీ తోడికోడలికి చూసేవాళ్ళతో వచ్చిన ఇబ్బంది ఉంది, ఒకప్పటి పెళ్ళివారి ఇబ్బంది కూడా ఉంది. మీ పన్ను వల్ల మీ నోటికి కలిగిన ఇబ్బంది మాత్రం ఎక్కడా కనిపించలేదు. నిజంగా మీ నోటికి సంబంధించిన సంగతి ఒక్కటే ఉంది, దాన్ని మీరు చిట్టచివర, పోతూ పోతూ చెప్పినట్టు రాశారు. ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పళ్ళ డాక్టరుగా పనిచేసిన అలవాటు కొద్దీ నేను ఆ చివరి వాక్యం దగ్గరే మొదలుపెడతాను.

బ్రష్ చేసేటప్పుడు రక్తం రావడం చిగుళ్ళ వాపుకు గుర్తు. పళ్ళ మొదళ్ళలో రోజూ పేరుకునే మెత్తని పాచిని తీసివేయకపోతే అది గట్టిపడి గారగా మారుతుంది. కింది ముందుపళ్ళ వెనకవైపు నాలుకతో తడిమితే గరుకుగా తగిలేది సాధారణంగా ఇదే. గార పట్టినచోట చిగురు వాచి, కొన్నేళ్ళకు పంటిని పట్టి ఉంచే ఎముక కూడా తరగడం మొదలవుతుంది. దీనికి నొప్పి ఉండదు కనుక చాలామంది పళ్ళు కదిలేదాకా డాక్టరు దగ్గరకు రారు. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం మన ఇళ్ళలో ఇంకా ఉంది, కానీ అక్కడ జరిగేది వేరు. అప్పటికే ఎముక తరిగిపోయిన పళ్ళను గార ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది, అది తీసేసరికి ఉన్న వదులు బయటపడుతుంది. కాబట్టి మీరు ముందుగా చేయవలసిన పని గార తీయించుకోవడం, రక్తంలో చక్కెర ఒకసారి పరీక్ష చేయించుకోవడం. మధుమేహం ఉంటే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ఉంటే చక్కెర ఓ పట్టాన అదుపులోకి రాదు. చిగుళ్ళు ఆరోగ్యంగా లేకుండా పళ్ళను జరపడం మొదలుపెడితే, కారుతున్న కప్పును వదిలేసి గోడలకు సున్నం వేసినట్టు ఉంటుంది. సున్నం మాట అటుంచి, ఇక్కడ గోడే దెబ్బతింటుంది. మీకు 1,80,000 రూపాయల లెక్క చెప్పిన క్లినిక్‌లో చిగుళ్ళ లోతు కొలిచారా, పళ్ళ వేళ్ళు కనిపించే ఎక్స్‌రే తీశారా అన్నది మీ ఉత్తరంలో లేదు. ఆ రెండూ చేయకుండా లెక్క చెప్పి ఉంటే, ఆ లెక్కను నేనైతే పక్కన పెట్టేస్తాను.

కింది ముందుపళ్ళు ఇరుక్కుంటున్నాయన్న దానికి కంగారు పడకండి. వయసుతో పాటు కింది దవడలో ముందుపళ్ళకు ఉండే చోటు కొద్దికొద్దిగా తగ్గడం, అవి ఒకదానిమీద ఒకటి చేరడం దాదాపు అందరిలో జరిగేదే. చిన్నప్పుడు క్లిప్పులు వేయించుకున్నవారిలోనూ, ఎన్నడూ వేయించుకోనివారిలోనూ జరుగుతుంది. అయితే ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. చిన్నప్పటినుంచీ ఉన్న వంకర వేరు, నడివయసులో కొత్తగా వచ్చిన వంకర వేరు. నిన్నమొన్నటిదాకా కలిసి ఉన్న పై ముందుపళ్ళు విడిపోయి విసనకర్రలా ముందుకు వాలుతున్నా, కొత్తగా సందు వస్తున్నా అది అందానికి సంబంధించిన విషయం కాదు. లోపల ఎముక తరుగుతోందనడానికి అది తరచుగా కనిపించే గుర్తు. మీ కోరపన్ను మొదటి రకానికి చెందింది, కోరపళ్ళు దిగే పన్నెండో ఏటినుంచి లెక్కిస్తే 27 ఏళ్ళుగా ఉన్నచోటే ఉంది.

ఇక ఆ పన్నుకు వైద్యం అవసరమా అన్న ప్రశ్న. వంకర పళ్ళలో ఏవి వైద్యపరంగా సరిచేయవలసినవి, ఏవి కావు అని తేల్చడానికి బ్రిటన్‌లో 1989లో ఒక కొలమానం తయారుచేశారు. పన్ను ఎన్ని మిల్లీమీటర్లు పక్కకు జరిగింది, పై పళ్ళు కింది పళ్ళ కన్నా ఎంత ముందుకున్నాయి, కింది పళ్ళు అంగిట్లో గుచ్చుకుంటున్నాయా, పన్ను ఏదైనా బయటికి రాకుండా ఎముకలోనే ఉండిపోయిందా అని చిన్న స్కేలుతో కొలిచి అయిదు మెట్లలో ఎక్కడో ఒకచోట పెడతారు. మొదటి రెండు మెట్లలో ఉన్నవారికి వైద్య అవసరం లేదని, లేదా నామమాత్రమేనని భావిస్తారు. చాలావరకు ప్రభుత్వ ఖర్చుతో వైద్యం నడిచే ఆ దేశంలో ఎవరికి ముందు చేయాలో తేల్చుకోవలసి వచ్చింది కనుక ఇంత కచ్చితంగా గీత గీశారు. మన దగ్గర డబ్బు కట్టేది రోగే కనుక ఆ గీత గీయవలసిన అవసరం ఎవరికీ కలగలేదు, అందుకే అద్దాల తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిన ప్రతి నోరూ సరిచేయవలసిన నోరుగానే కనిపిస్తుంది. మీరు ఇంట్లో చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. కోరపన్ను, దాని కింద దాగిన పన్ను కలిసే మూలలోకి బ్రష్ చేరడం కష్టమవుతోందా? అక్కడ పుచ్చు గాని, ఆ కోరపన్ను మీద చిగురు పైకి జారి వేరు బయటపడటం గాని ఉందా? కొరికేటప్పుడు ఏదైనా ఒక పన్ను ముందుగా తగిలి, దవడ పక్కకు జరిగి మూసుకుంటోందా? ఏదైనా పన్ను అసహజంగా అరిగిందా? వీటికి జవాబు 'లేదు, లేదు' అనే వస్తే మీ పన్ను మీకు చేస్తున్న అపకారం ఏమీ లేదు. బ్రష్ చేరకపోవడం ఒక్కటే సమస్య అయితే, సందుల్లో దూర్చే చిన్న బ్రష్ మందుల దుకాణంలో దొరుకుతుంది.

పలువరుస గీత గీసినట్టు ఉండాలన్న పట్టుదల అంత పాతదేమీ కాదు. అమెరికాలో ఎడ్వర్డ్ ఏంగిల్ అనే దంతవైద్యుడు 1899లో వంకర పళ్ళను మూడు తరగతులుగా విభజించి, సరైన కాటు అంటే ఇది అని ఒక నిర్వచనం ఇచ్చాడు. ఆ తరగతుల పేర్లు మేము ఈనాటికీ కేసు షీట్ల మీద రాస్తున్నాం, అవి ఉపయోగపడుతున్నాయి కూడా. అయితే ఆయన ముఖ సౌందర్యానికి ఆదర్శంగా తీసుకున్నది అపోలో దేవుడి పాలరాతి విగ్రహాన్ని. ఒక రాతి ముఖంతో పోల్చుకుని మనుషుల ముఖాలకు మార్కులు వేయడం అక్కడినుంచే మొదలైందని అనను గాని, ఆ మార్కులకు శాస్త్రం పేరు మాత్రం అక్కడే వచ్చింది. మన సంగతి కూడా మరీ అమాయకమైనదేం కాదు. మంచి పళ్ళు గలది అనే అర్థమున్న 'సుదతి'ని ఏకంగా స్త్రీకి పర్యాయపదం చేసుకున్న భాష మనది. పెళ్ళిచూపుల్లో "పిల్లకు ఎత్తుపళ్ళు" అన్న ఒక్క మాటతో లేచి వెళ్ళిపోయినవాళ్ళు అమెరికా ముఖం చూసినవారు కారు. కాకపోతే మన కవులు పళ్ళను పోల్చడానికి ఎంచుకున్నది దానిమ్మ గింజలను. దానిమ్మకాయ ఒలిచి చూడండి. ఏ రెండు గింజలూ ఒక్క తీరుగా ఉండవు, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, చోటు దొరికినచోట ఒదిగి ఉంటాయి. అన్నట్టు, జపాన్‌లో మీలాంటి ఎత్తు కోరపన్నును ముద్దుగా ఉందని మెచ్చుకుంటారు. 2011 ప్రాంతంలో అక్కడి యువతులు కొందరు తిన్నగా ఉన్న కోరపళ్ళకు డబ్బిచ్చి మరీ కొసలు అతికించుకున్నారు. అది మాత్రం పిచ్చి కాదా అంటే అదీ పిచ్చే.

మీ తోడికోడలి మాటను నేను వేరుగా చూస్తాను. అమెరికాలో పళ్ళ వైద్యానికి బీమా మామూలు ఆరోగ్య బీమాలో కలిసి రాదు, విడిగా ఉంటుంది. పిల్లలకు క్లిప్పులు వేయించడం తల్లిదండ్రులకు స్తోమత ఉందనడానికి గుర్తుగా స్థిరపడిపోయింది. అందువల్ల తిన్నని పళ్ళు లేకపోతే అక్కడ అనాకారితనం కన్నా పేదరికం ముందు గుర్తుకొస్తుంది. ఇక్కడినుంచి వెళ్ళి, ఉచ్చారణ దగ్గరనుంచి పిల్లల డబ్బాలో పెట్టే కూర వాసన దాకా అన్నీ చూసుకుంటూ బతికే మనవాళ్ళు ఈ సంగతి చాలా త్వరగా గ్రహిస్తారు. ముప్ఫై అయిదు దాటాక, పిల్లలతో పాటు తామూ క్లిప్పులు వేయించుకున్న తెలుగు దంపతులు నాకే కొందరు తెలుసు. "చూసినవాళ్ళు ఇంకోలా అనుకుంటారు" అన్న మాటలో మీ పన్ను గురించి ఎంత ఉందో, ఆవిడ అక్కడ పడ్డ బెరుకు గురించి కూడా అంతే ఉండవచ్చు. ఆవిడ మీద కోపం పెట్టుకోనక్కర్లేదు. అలాగని డల్లాస్ బెరుకును విజయవాడలో మోయవలసిన పనీ లేదు.

పళ్ళు సరిచేయించుకుంటే ఆత్మవిశ్వాసం పెరుగుతుందని ప్రకటనలు చెబుతాయి. దీన్ని ఓపికగా పరిశీలించినవారు ఉన్నారు. వేల్స్‌లోని కార్డిఫ్‌లో 1981లో 11, 12 ఏళ్ళ పిల్లలు 1,018 మందిని పరీక్షించి, ఇరవై ఏళ్ళ తరువాత, వాళ్ళకు ముప్ఫై దాటాక, అందులో 337 మందిని మళ్ళీ పిలిచి చూశారు. చిన్నప్పుడు వైద్యం చేయించుకున్నవారి పళ్ళు తిన్నగా ఉన్నాయి, తమ పళ్ళ విషయంలో వారికి తృప్తి కూడా ఉంది. కానీ మొత్తంమీద వారి ఆత్మగౌరవంలోనూ, మానసిక ఆరోగ్యంలోనూ ఆ వైద్యం వల్ల కలిగిన మేలు పెద్దగా లేదని తేలింది. అంటే పన్ను సరిచేస్తే పన్ను సరవుతుంది, అంతవరకే. దీన్ని నేను మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. అద్దంలో తిన్నని పలువరుస చూసుకోవాలన్న కోరిక మీదే అయితే, అది పట్టుచీర కొనుక్కోవాలన్న కోరిక కన్నా తప్పేమీ కాదు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. నేను చెప్పేదల్లా, ప్రిన్సిపాల్‌గారి మాటతో పుట్టిన చిన్నతనానికి మందుగా దాన్ని కొనవద్దని.

క్యాపుల సంగతిలో మాత్రం నాది సలహా కాదు, గట్టి అభ్యంతరం. పది రోజుల్లో పళ్ళు తిన్నగా అవడం అన్నది లేదు. అక్కడ జరిగేది ఆరోగ్యంగా ఉన్న పళ్ళను చుట్టూ అరగదీసి, వాటి మీద తిన్నగా ఉన్న పళ్ళ బొమ్మలు తొడగడం. పూర్తి క్యాపు కోసం అరగదీసిన పన్నును మీరు ఒక్కసారి చూస్తే మళ్ళీ ఆ మాట ఎత్తరు. చుట్టూ తెల్లని పింగాణీ పొర పోయి, పచ్చటి మొద్దులా, సగం అరిగిన సుద్దముక్కలా మిగులుతుంది. ఆ పొర శరీరంలో మళ్ళీ పుట్టదు. అంత లోతుగా అరగదీసిన పళ్ళలో కొన్నింటికి లోపలి నరం దెబ్బతిని కొన్నేళ్ళకు రూట్ కెనాల్ చేయవలసి వస్తుంది. క్యాపులు కూడా జీవితకాలం ఉండవు, పది పదిహేనేళ్ళకో కొంచెం అటూ ఇటూగానో మార్చుకోవాలి, మార్చిన ప్రతిసారీ మిగిలిన పన్ను ఇంకొంచెం తరుగుతుంది. 39 ఏళ్ళ వయసులో మొదలుపెడితే ఎన్నిసార్లు మార్చవలసి వస్తుందో మీరే లెక్క వేసుకోండి. పుచ్చిపోయిన పన్నుకో, విరిగిన పన్నుకో క్యాపు వేయడం వైద్యం. వరుస కోసం ఆరు మంచి పళ్ళకు వేయడాన్ని నేను వైద్యం అనలేను.

ఇక ఎలైనర్లు, క్లిప్పులు. భౌతికశాస్త్రం చెప్పే మీకు బలం గురించి నేను చెప్పబోవడం హనుమంతుడి ముందు కుప్పిగంతుల్లాంటిదే అయినా, ఇది మీకు ఆసక్తిగా ఉంటుంది. పన్ను ఎముకలో మేకులా దిగగొట్టి ఉండదు. పన్నుకూ ఎముకకూ నడుమ సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన పీచు పొర ఒకటి ఉంటుంది. పన్ను మీద తక్కువ బలాన్ని, చాలా కదలికలకు వంద గ్రాముల బరువుకు మించని బలాన్ని, విడవకుండా ప్రయోగిస్తే, నెట్టుతున్న వైపు ఎముక కరుగుతుంది, వెనకవైపు కొత్త ఎముక పుడుతుంది. ఆ విధంగా పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. బలం మరీ పెంచితే వేగం పెరగదు సరికదా, పీచు పొరలో రక్తప్రసరణ ఆగి కదలికే కొన్నాళ్ళు నిలిచిపోతుంది. పెద్దవయసులో పళ్ళు జరగవన్నది అపోహ, చిగుళ్ళు, ఎముక బాగుంటే ఏ వయసులోనైనా జరుగుతాయి. కానీ ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టడం మామూలు. పళ్ళ వేళ్ళ కొసలు కొంచెం కురచబడటం చాలామందిలో జరుగుతుంది, ఎక్కువమందికి అది ఇబ్బంది పెట్టేంత ఉండదు, కొద్దిమందికి పెడుతుంది.

మీ విషయంలో ఇంకొక చిక్కు ఉంది. మీ కోరపన్ను పైన ఉంది, కిందికి దిగాలి. ఎలైనరు పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు, ఒక్కొక్కటి పన్నును సుమారు పావు మిల్లీమీటరు జరిపేలా చేసిన తొడుగులను వారానికో రెండు వారాలకో మారుస్తూ పోతారు. పన్నును పక్కకు వాల్చడం దానికి తేలిక. గుండ్రంగా, పొడుగాటి వేరుతో ఉండే కోరపన్నును కిందికి లాగడం, తిప్పడం కష్టం, తొడుగు దాని మీదినుంచి జారిపోతుంది. పన్ను మీద చిన్న చిన్న గుబ్బలు అతికించి పట్టు కల్పిస్తారు గాని, ఇలాంటి పన్నుకు పాతకాలపు క్లిప్పులూ తీగా చాలాసార్లు మెరుగ్గా పనిచేస్తాయి. ఖర్చు కూడా తక్కువ. పైగా తొడుగు రోజుకు 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలి. తినేటప్పుడు, వేడి టీ తాగేటప్పుడు తీయాలి. స్టాఫ్ రూములో మధ్యాహ్నం టీ గ్లాసు పక్కన డబ్బా మూత తీసి, నలుగురి ముందు నోట్లోంచి తొడుగు ఊడదీయడం రోజూ జరగవలసిన పని అన్నది క్లినిక్‌లో చూపించే వీడియోలో ఉండదు. మొదటి కొన్ని రోజులు స, ష కాస్త తడబడతాయి. పాఠం చెప్పుకునేవారికి ఇది చిన్న విషయం కాదు.

అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న, ఆ పన్నుకు చోటు ఎక్కడినుంచి తెస్తారు అన్నది. వరుసలో చోటు లేకే కదా అది పైకెక్కింది. పక్క పళ్ళ అంచులను కొద్దిగా రుద్ది తెస్తారా, వరుసను వెడల్పు చేస్తారా, కోరపన్ను వెనకాల ఉన్న చిన్న దవడపన్నును పీకి తెస్తారా? తెర మీద పది సెకన్లలో పళ్ళన్నీ వరుసలోకి వచ్చి నిలబడే బొమ్మ చూపిస్తారు. అందులో ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. వైద్యం అయ్యాక మళ్ళీ వెనక్కి పోకుండా రాత్రిపూట రిటైనర్ (పళ్ళను కొత్తచోట పట్టి ఉంచే అమరిక) పెట్టుకోవడం ఎన్నాళ్ళు అని కూడా అడగండి. "ఆరు నెలలు" అన్నవారిని నమ్మకండి. పళ్ళకు పాతచోటు మీద మమకారం ఎక్కువ, తిన్నగా ఉంచుకోవాలంటే ఉన్నన్నాళ్ళూ పెట్టుకోవలసిందే. చేసేవారు బీడీఎస్ తరువాత మూడేళ్ళు వంకర పళ్ళను సరిచేసే ఆర్థోడాంటిక్స్ విభాగంలోనే ఎండీఎస్ చదివినవారో కాదో కనుక్కోండి. ఇంటికి పెట్టె పంపిస్తాం, మీరే అచ్చు తీసుకుని పంపండి అనే రకం జోలికి వెళ్ళవద్దు. అమెరికాలో 2014లో మొదలై ఈ పద్ధతిలోనే పెద్దదైన స్మైల్ డైరెక్ట్ క్లబ్ అనే సంస్థ 2023 సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసి డిసెంబరులో మూతపడింది. పళ్ళు సగం జరిగి ఉన్నవారు సగంలోనే మిగిలిపోయారు. మీ ఊళ్ళోనే ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, ఓపీ చీటీ రాయించుకుని అక్కడ రెండో అభిప్రాయం తీసుకోండి. అక్కడ కూర్చున్న డాక్టరుకు మీ నోటి మీద నెలవారీ లక్ష్యాలు ఉండవు.

ప్రిన్సిపాల్‌గారితో ఏమనాలో కూడా చెప్పాలి కదా. ఆయన చెడ్డ ఉద్దేశంతో అని ఉండకపోవచ్చు, కానీ మగ అధ్యాపకుల్లో ఎవరి పళ్ళ గురించైనా అలా పిలిచి చెప్పి ఉంటారా అన్నది మీరూ నేనూ కూడా ఊహించగలం. "పాఠంలో మార్పులుంటే చెప్పండి సార్, తప్పకుండా చేస్తాను. పన్ను విషయం నా సొంతం, దాన్ని నాకు వదిలేయండి" అని నెమ్మదిగా, ఒక్కసారి, నవ్వుతూ చెప్పండి. ఆ నవ్వుకు చేయి అడ్డం పెట్టకండి. ఆ తరువాత కెమెరా మాట మీరే ఎత్తండి. ఫోనుతోనో, దగ్గరగా పెట్టిన కెమెరాతోనో తీస్తే ముఖం మధ్యభాగం, అంటే ముక్కూ ముందుపళ్ళూ, ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తాయి. కెమెరాను రెండు మీటర్ల వెనక్కి జరిపి జూమ్ చేయమనండి, దీపాన్ని నెత్తిమీదినుంచి కాకుండా ఎదురుగా పెట్టమనండి. కటకాల పాఠం చెప్పే మనిషి ఈ మాట అంటే కాదనేవారు ఉండరు. ఇంకొకటి. మీరు మిమ్మల్ని ఇన్నేళ్ళుగా చూసుకున్నది అద్దంలో, అంటే కుడిఎడమలు తారుమారైన రూపంలో. వీడియోలో ఆ పన్ను మీకు అలవాటైన వైపున కాక రెండో వైపున కనిపించేసరికి అది కొత్తగా, పెద్దగా అనిపిస్తుంది. 14 ఏళ్ళుగా మిమ్మల్ని ఎదురుగా చూసిన పిల్లలకు అది ఎప్పుడూ అక్కడే ఉంది.

పాప సంగతి చివరికి ఉంచాను. తొమ్మిదేళ్ళకు పై ముందుపళ్ళ మధ్య సందు ఉండటం చాలావరకు సహజం. 11, 12 ఏళ్ళకు కోరపళ్ళు దిగుతూ పక్కపళ్ళను మధ్యకు నెట్టినప్పుడు ఆ సందు తరచుగా తనంతట తానే మూసుకుంటుంది. ఆ వయసు పిల్లల నోరు చూసి పోలికలు చెప్పడం తొందరపాటు. అయినా ఒకసారి చూపించడం మంచిది. తొమ్మిది పదేళ్ళ వయసులో పై చిగురు మీద వేలితో తడిమితే లోపల ఉన్న కోరపన్ను ఉబ్బు సాధారణంగా చేతికి తగులుతుంది. అది రెండువైపులా సమంగా తగిలితే నిశ్చింతగా ఉండవచ్చు, ఒకవైపు తగలకపోతే డాక్టరు చూసి, సమయానికి ఒక పాలపన్ను తీసి దారి ఇవ్వడం వంటి చిన్న పనితో తరచుగా పోతుంది. పెద్దయ్యాక అదే పెద్ద పని అవుతుంది. పిల్లకు అవసరమై క్లిప్పులు వేయిస్తే అది వైద్యం కనుక సందేహించకండి.

నేను పనిచేసే రోజుల్లో పల్లెలనుంచి వచ్చే ఆడవాళ్ళు కుర్చీలో కూర్చున్నాక నోరు తెరవమంటే, ముందు కొంగు అడ్డం పెట్టుకుని, ఆ చాటున నోరు తెరిచి, తరువాత కొంగు తీసేవారు. పన్ను పీకడానికి వచ్చిన డాక్టరు దగ్గర కూడా అంతే. ఎవరు నేర్పారమ్మా అని ఒకామెను అడిగితే, "ఎవరూ నేర్పలేదు, మా అమ్మ ఇట్టాగే పెట్టుకునేది" అంది.

ఈ నెలలో గార తీయించుకోండి, చక్కెర పరీక్ష చేయించుకోండి. ఆరువారాల తరువాత రక్తం ఆగిందో లేదో చూసుకుని, చిగుళ్ళు గట్టిపడ్డాకే కోరపన్ను గురించి ఆలోచించండి. ఇప్పుడు మొదలుపెట్టినా జూన్‌కు పూర్తయ్యే వైద్యం లేదు కనుక జూన్ రికార్డింగులు ఆ పన్నుతోనే జరుగుతాయి, ఆ గడువును బుర్రలోంచి తీసేయండి. డాక్టరు దగ్గరకు వెళ్ళే రోజున పాపను కూడా తీసుకువెళ్ళండి. కుర్చీ మీరు ముందు ఎక్కండి. పాపను పక్కనే నిలబడనిచ్చి, డాక్టరు మీ కోరపన్నును అద్దంతో చూస్తున్నప్పుడు తననూ వంగి చూడనివ్వండి, ఏమైనా అడిగితే జవాబు చెప్పమని డాక్టరుతో ముందే చెప్పి ఉంచండి.